చందమామ బొమ్మలు, జానపద సినిమాలు: మనం లెక్కలో వేసుకోని చరిత్ర

మా మేనమామ ఇంట్లో అటక మీద ఒక రేకు పెట్టె వుండేది. అందులో 1954 నుంచి 1968 దాకా వచ్చిన చందమామ సంచికలు, ఏడాదికొక బైండు చొప్పున గట్టి అట్టలేసి కుట్టించినవి, మధ్యలో రెండు మూడేళ్ళు లోపించి, దొంతరగా పేర్చి వుండేవి. వేసవి సెలవుల్లో ఆ పెట్టె దించమని మామను బతిమాలడం నా పని. "ముందుగాల చేతులు కడుక్కరా పో" అనడం ఆయన పని. అప్పటికి నాకు చదవడం సరిగా రాదు. బొమ్మలు చూసేవాణ్ణి. బొమ్మ మూలన వుండే సంతకాన్ని బట్టి ఇది చిత్రా వేసింది, ఇది శంకర్ వేసింది, ఇది వ.పా. వేసింది అని గుర్తుపట్టడం అక్షరాలు కూడబలుక్కునే రోజుల్లోనే అబ్బింది. గురజాడ, శ్రీశ్రీల పేర్లు తర్వాత ఎప్పుడో పాఠ్యపుస్తకంలో తెలిశాయి. కళాకారులుగా నేను మొట్టమొదట ఎరిగిన పేర్లు ఈ మూడు.

ఈ సంగతి నేను సాహిత్య సభల్లో ఎత్తేవాణ్ణి కాదు. ఎం.ఏ. చదివే రోజుల్లో ఒకసారి ఎత్తి దెబ్బ తిన్నాను. సెమినార్ పత్రానికి చందమామ సీరియళ్ళు తీసుకుంటానంటే మా అధ్యాపకుడొకరు నవ్వి, "బొమ్మల కథల మీద పత్రమేమిటయ్యా, ఏదైనా సాహిత్యం తీసుకో" అన్నారు. నేను కొ.కు. 'చదువు' నవల తీసుకున్నాను. మార్కులు బాగానే వచ్చాయి. 'చదువు' రాసిన మనిషే ఆ బొమ్మల కథలకు సంపాదకుడనీ, కాదన్న వస్తువులోనూ అవునన్న వస్తువులోనూ పనిచేసిన చెయ్యి ఒకటేననీ నాకు తెలుసు. ఆయనకూ తెలుసు. తెలిసే ఇద్దరం ఒకదాన్ని సాహిత్యం ఖాతాలో, రెండోదాన్ని బతుకుతెరువు ఖాతాలో రాశాం.

ఆ పద్దు తప్పని ఇప్పుడు చెప్పదలుచుకున్నాను. చిన్ననాటి అభిమానం నన్ను పక్షపాతిని చేసి వుండొచ్చు. పాఠకులు ఆ మేరకు తరుగు తీసి చదువుకోవచ్చు.

చందమామ 1947 జూలైలో మద్రాసు నుంచి తెలుగు, తమిళ భాషల్లో మొదలైంది. స్థాపించినవాళ్ళు బి. నాగిరెడ్డి, చక్రపాణి. విజయా సంస్థ పేర సినిమాలు తీసిందీ వీళ్ళే. బొమ్మల పత్రికా, జానపద సినిమా ఒకే యాజమాన్యం కింద, మద్రాసులో ఒకే వడపళని ప్రాంతంలో పెరిగాయన్న విషయం ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. బెనారస్‌లో భౌతికశాస్త్రం చదివిన, దేవుణ్ణి నమ్మని కొడవటిగంటి కుటుంబరావు 1952లో ఈ పత్రికలో చేరాడు. 1980 ఆగస్టులో చనిపోయేదాకా అక్కడే పనిచేశాడు. ఇరవై ఎనిమిదేళ్ళు! ఆ మధ్యకాలంలోనే, 1970లో, విప్లవ రచయితల సంఘం స్థాపక సభ్యుల్లో ఒకడయ్యాడు. పత్రిక మీద సంపాదకుడిగా అచ్చయిన పేరు మాత్రం ఆయనది కాదు, చక్రపాణిది.

అదే 1952లో దాసరి సుబ్రహ్మణ్యం కూడా చేరాడు. 'తోకచుక్క' మొదలుకొని 'కంచుకోట', 'జ్వాలాద్వీపం', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం', 'యక్షపర్వతం', 'మాయా సరోవరం', 'భల్లూక మాంత్రికుడు' వరకు రెండు తరాల పిల్లల్ని నెలనెలా పోస్టుమాన్ కోసం ఎదురుచూసేట్టు చేసిన సీరియళ్ళు ఆయనవి. వాటి మీద ఆయన పేరు వుండేది కాదు. అభిమాన పాఠకులు పూనుకుని వెలికి తీసేదాకా ఆ రచయిత ఎవరో చాలామందికి తెలియదు. 2010 జనవరిలో ఆయన పోయాడు. మన విమర్శలో ఆయన సీరియళ్ళ మీద చెప్పుకోదగ్గ చర్చ నా కంటబడలేదు.

ఇందులో ఒక విచిత్రం వుంది. సాధారణంగా మన పత్రికల్లో కథకుడి పేరు పెద్దగా పడుతుంది, బొమ్మ వేసినవాడి పేరు కనిపిస్తే కనిపిస్తుంది, లేకపోతే లేదు. చందమామ సీరియల్లో తలకిందులు. బొమ్మ కింద సంతకం వుంది, కథ కింద లేదు. అందుకే మా తరం అభిమానానికి పేర్లు చిత్రకారులవే దొరికాయి. చిత్రా అసలు పేరు టి.వి. రాఘవన్, తమిళుడు. శంకర్ అంటే కె.సి. శివశంకరన్. ఈరోడ్‌లో పుట్టి, దేవీప్రసాద్ రాయ్ చౌధురి ప్రిన్సిపాలుగా వున్న కాలంలో మద్రాసు ఆర్ట్ స్కూల్లో చదివినవాడు. 2020లో చనిపోయేనాటికి ఆయన వయసు తొంభై దాటింది. మహాభారతం అట్టబొమ్మలతో పేరు తెచ్చుకున్న ఎం.టి.వి. ఆచార్య కన్నడిగుడు. వడ్డాది పాపయ్య శ్రీకాకుళంలో పుట్టి, కశింకోటలో స్థిరపడి, బళ్ళో డ్రాయింగ్ మాస్టరు వుద్యోగం చేసినవాడు. ఈ చివరి సంగతి తెలిసినప్పుడు బడిపంతులుగా నాకు కలిగిన గర్వం దాచుకోను.

ఇంతకీ బొమ్మ కథకు చేసిందేమిటి? అలంకారం కోసం పెట్టింది కాదు అది. నా వాదమంతా ఇక్కడే వుంది.

మన ప్రబంధాలకు అష్టాదశ వర్ణనలని ఒక జాబితా వుంది. పురం, సముద్రం, పర్వతం, రుతువులు, చంద్రోదయం, సూర్యోదయం వగైరా. కథ నడవాలంటే ముందు నగరం వర్ణించాలి, ఆపైన నగరంలో మేడలు వర్ణించాలి. ఈ అలవాటు వచనంలోకీ వచ్చింది. మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథలు తీసుకోండి. కథాకల్పనలో అంత సంపన్నమైన జానపద గ్రంథం తెలుగులో మరొకటి లేదు. కానీ గ్రాంథిక వచనంలో సమాసాల మీద సమాసాలు దొర్లించుకుంటూ రాకుమారుడు కోటగుమ్మం చేరేలోగా పాఠకుడికి ఆయాసం వస్తుంది. అదే రాకుమారుడు చందమామలో ఒక్క వాక్యంలో కోట చేరతాడు. కోట ఎలా వుందో ఆ వాక్యం చెప్పదు. చెప్పాల్సిన పనిలేదు, పక్కనే బొమ్మ వుంది. బురుజులు, అగడ్త, కావలివాడి తలపాగా, వాడి చేతిలోని ఈటె, దూరాన కొండమీద ముసురుకుంటున్న మబ్బు అన్నీ అందులో వున్నాయి.

అంటే వర్ణన అనే బరువును బొమ్మ తన నెత్తిన వేసుకుంది. వచనానికి మిగిలింది క్రియ ఒక్కటే: ఎవడు ఏం చేశాడు, ఎందుకు చేశాడు, తర్వాత ఏమైంది. కుటుంబరావు చందమామలో స్థిరపరిచిన ఆ పొట్టి వాక్యాల వాడుకభాష ఆయన భాషాదృష్టి వల్ల వచ్చిందనడంలో సందేహం లేదు. కానీ దాదాపు ప్రతి పేజీకీ ఒక బొమ్మ వుండే పత్రికలో పనిచెయ్యడం వల్ల కూడా వచ్చిందని నేనంటాను. హోమర్ ఇలియడ్, ఒడిస్సీలు 'భువనసుందరి', 'రూపధరుడి యాత్రలు'గా తెలుగు పిల్లలకు అందింది ఈ వచనంలోనే. వ్యావహారిక భాషోద్యమ చరిత్ర రాసేవాళ్ళు గిడుగు వాదాల్నీ పరీక్షాపత్రాల గొడవల్నీ చెప్పి ఆగుతారు. ఆ భాషను తరతరాల పల్లెటూరి పిల్లల నోటికి నెలకొకసారి అందించిన యంత్రాంగం ఏమిటో చెప్పరు. అందులో చిత్రా కుంచెకు వాటా వుంది.

ఇది నా వూహ మాత్రమేనా అన్న అనుమానంతో మా బళ్ళో ఎనిమిదో తరగతి పిల్లలతో ఒక పని చేయించాను. 'తోకచుక్క'లో ఏకాక్షి మాంత్రికుడు వచ్చే పేజీ ఒకటి తీసి, సగం మందికి బొమ్మ మూసి కథ ఇచ్చాను. మిగతా సగానికి కథ మూసి బొమ్మ ఇచ్చాను. కథ చదివినవాళ్ళు జరిగింది గడగడా చెప్పేశారు. చెప్పి, "వాడు ఎట్లుంటడు సార్? గుహ ఎంత లోతుంటది?" అని నన్నే అడిగారు. బొమ్మ చూసినవాళ్ళు గడ్డం, ఎముకల దండ, చెట్టుతొర్ర, గబ్బిలం అన్నీ వరసపెట్టి చెప్పారు. ఎవరు మంచివాడో, ఎవరు ఎవర్ని తరుముతున్నాడో చెప్పలేక కొట్లాడుకున్నారు. ఇది పరిశోధన కింద లెక్క కాదు, ఒక పీరియడు గడిచింది, అంతే. కానీ వచనం ఎంత పనిని బొమ్మకు వదిలేసిందో నాకు కళ్ళకు కట్టింది.

ఇక్కడిదాకా అభిమాని మాట. విమర్శకుడు మాట్లాడాల్సింది ఇంకొకటి వుంది, అది అంత తీయగా వుండదు.

చందమామ పెరిగేకొద్దీ దాని భాషలూ పెరిగాయి. ఒకే బొమ్మ అన్ని భాషల కూర్పుల్లోనూ అచ్చయ్యేది. కాబట్టి ఆ బొమ్మ అందరికీ సరిపోవాలి. ఇంటికప్పు తంజావూరువాడికీ, నల్లగొండవాడికీ, నాగపూర్‌వాడికీ తమదే అనిపించాలి, ఒక్కరిది మాత్రం కాకూడదు. పంచెకట్టు ఏ జిల్లాదో తేలకూడదు. తమిళ, కన్నడ, తెలుగు చిత్రకారులు కలిసి కల్పించిన ఆ 'ఒకానొక రాజ్యం' నిజానికి ఒక అచ్చుయంత్రం అవసరంలోంచి పుట్టిన దేశం. ఆ దేశపు అందం గురించి నేను గంటలకొద్దీ మాట్లాడగలను. కానీ ఆ దేశంలో మా వూరి గడీ లేదు. గడీ ముందు వెట్టిచాకిరీకి నిలబడ్డ మనిషి లేడు. దొర లేడు, జమీందారు వున్నాడు. ఆ జమీందారు కూడా తరచుగా తగువు తీర్చే పెద్దమనిషి, తెలివైనవాడికి బహుమతిచ్చే రసికుడు. షావుకారు పిసినారి కావచ్చు, చివర్లో బుద్ధి తెచ్చుకుంటాడు. భూమి ఎవరిదన్న ప్రశ్న ఆ పల్లెల్లో పుట్టదు. ఏ భూమో తెలియని చోట ఆ ప్రశ్న ఎలా పుడుతుంది?

నల్లగొండ జిల్లాలో పుట్టి, తాతల నోట 1946 నుంచి 1951 దాకా జరిగిన పోరాటం వింటూ పెరిగిన నాకు, ఆ బైండ్లలో ఆ ఏళ్ళ ఛాయ ఎక్కడా లేదన్న సంగతి పట్టడానికి చాలాకాలం పట్టింది. దీన్ని కుటుంబరావు మీద నేరారోపణగా చెప్పడం లేదు. కథాంశాన్ని ఆయన ఎంతో మార్చగలిగాడు. మూఢత్వం గెలిచే కథల్ని తగ్గించి యుక్తి గెలిచే కథల్ని పెంచాడు. బేతాళకథల మూలంలో వున్నవి ఇరవై అయిదు. చందమామ వాటి చట్రం మాత్రం తీసుకుని కొత్త కథలు వందలకొద్దీ అల్లింది. ప్రతి కథ చివరా బేతాళుడు వేసే ప్రశ్న పిల్లవాణ్ణి తీర్పు చెప్పమంటుంది. అది చిన్న విషయం కాదు. అయితే తీర్పు చెప్పే నోరు మాత్రం చివరిదాకా రాజుదే. శంకర్ గీసిన ఆ బొమ్మను ఎవరు మరిచిపోగలరు, ఒరలోంచి తీసిన కత్తితో, భుజాన శవంతో నడుస్తున్న విక్రమార్కుడు? ఆ బొమ్మ ఎంత బలమైనదో, దాన్ని దాటి ఆలోచించడం అంత కష్టం.

సినిమా దగ్గరికి వద్దాం. 'పాతాళభైరవి' 1951 మార్చి 15న విడుదలైంది. దర్శకుడు కె.వి. రెడ్డి, రచన పింగళి నాగేంద్రరావు, ఛాయాగ్రహణం మార్కస్ బార్‌ట్లే. కథాబీజం కాశీమజిలీలది. మరుసటి ఏడు మనదేశంలో జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో దాన్ని చూపించారు. కళాదర్శకులిద్దరిలో ఒకరు కళాధర్, రెండోవారు మాధవపెద్ది గోఖలే. ఈ గోఖలే కథకుడు. బడుగు జీవుల మీద కథలు రాసినవాడు. 1957లో 'మాయాబజార్'కూ ఈ ఇద్దరే పనిచేశారు. కథా సాహిత్య చరిత్రల్లో గోఖలే పేరు పక్కన ఒకటి రెండు వాక్యాలుంటాయి. నేపాళ మాంత్రికుడి గుహను రూపొందించిన చెయ్యి అదేనని ఆ చరిత్రలు చెప్పవు. కాగితం మీద పేదవాడి గుడిసె రాసినవాడే తెరమీద మాయామహల్ కట్టాడు. ఈ రెంటికీ సంబంధం ఏమిటని అడగడం విమర్శ పనికాదా?

వర్ణన గురించి నేను పైన చెప్పింది ఇక్కడా వర్తిస్తుంది. పింగళి మాటల్లో నగర వర్ణన వుండదు, హర్మ్య వర్ణన వుండదు. వాటిని సెట్టింగూ, బార్‌ట్లే వెలుగునీడలూ చూసుకుంటాయి. అందుకే ఆ మాటలు పొట్టిగా, కొరడాలా, జనం నోళ్ళలో నిలిచిపోయేట్టు వుండగలిగాయి. ఇతివృత్తం మాటకొస్తే, తోటమాలి కొడుకు రాజకుమార్తెను కోరితే, తనతో సరితూగే సంపద తెమ్మంటాడు రాజు. ఆ షరతును తోటరాముడు ఎదిరించడు. సంపద తేవడానికి బయల్దేరతాడు. తెస్తాడు కూడా, ప్రతిమ ఇచ్చిన వరంతో. శ్రమతో కాదు, తిరుగుబాటుతో కాదు. తెలంగాణలో సాయుధ పోరాటం ఇంకా సాగుతున్న నెలల్లో (అది ఆగింది ఆ అక్టోబరులో) తెలుగు ప్రేక్షకుడికి దొరికిన వీరుడు ఇతను. ఈ మాట అనేసి చేతులు దులుపుకోవడం సులభం. కానీ నేల టిక్కెట్టు ప్రేక్షకుడు ఆ రాజును చూసి ఏమనుకున్నాడో కూడా ఆలోచించాలి. కూతురికి వెలకట్టే రాజు అతని కళ్ళకు గొప్పగా కనిపించి వుంటాడని నేననుకోను.

ఈ విషయంలో నా సాక్ష్యం నా బాల్యమే. 1980ల చివర్లో కూడా మా పక్క వూరికి డేరా హాలు వచ్చేది. ఒకటే ప్రొజెక్టరు, రీలు మార్చినప్పుడల్లా దీపాలు వెలిగేవి. అలా మూడు నాలుగు విశ్రాంతులు. ఇసుకను కుప్ప చేసుకుని దానిమీద కూచునేవాళ్ళం. వచ్చేవి ఎక్కువగా పాత జానపదాలు, అందులోనూ విఠలాచార్యవి. ఉడుపి ప్రాంతం నుంచి వచ్చి తెలుగులో 'బందిపోటు', 'అగ్గిపిడుగు', 'మంగమ్మ శపథం', 'జ్వాలాద్వీప రహస్యం', 'గండికోట రహస్యం', 'జగన్మోహిని' తీసిన బి. విఠలాచార్య గురించి మన పత్రికల్లో ఏదైనా రాశారంటే వెక్కిరింతగానే రాశారు. తక్కువ ఖర్చుతో, కట్టిన సెట్టునే మళ్ళీ మళ్ళీ వాడుతూ తీసేవాడు. పేచీ పెట్టిన నటుణ్ణి కథలో చిలకగానో మేకగానో మార్చి పని కానిచ్చేవాడని చెప్పుకుంటారు. నిజమో కాదో గాని, ఆ కథ చెప్పేవాళ్ళ గొంతులో వుండేది తప్పుపట్టడం కాదు, ముచ్చట. యజమానికి ఎదురుతిరిగినవాడు మేకైపోవడం మీద మనం కూడా నవ్వామన్నది ఇప్పుడు రాస్తుంటే తడుతోంది.

ఆయన కథానాయకుల్లో కాంతారావు మా వైపు మనిషి, కోదాడ దగ్గర గుడిబండ. కత్తి పట్టుకుని ఆయన తెరమీదికి రాగానే మా డేరా హాల్లో లేచే ఈలలో కొంత వూరి అభిమానం కూడా వుండేదేమో. 'మంగమ్మ శపథం' (1965) ఆడిన రాత్రి మాత్రం ఈలలు వేసింది ఆడవాళ్ళ వైపు నుంచి. సామాన్యపు ఇంటిపిల్ల యువరాజు అహంకారాన్ని సవాలు చేసి, అతనివల్లనే కొడుకును కని, ఆ కొడుకు చేత అతన్ని నిండు సభలో కొరడాతో కొట్టిస్తానని శపథం పట్టే కథ అది. మా అమ్మమ్మ ఆ సినిమా కథ చెప్పినప్పుడల్లా కొరడా దెబ్బలు లెక్కపెట్టి మరీ చెప్పేది. ఆమె జీవితంలో కొరడా ఎవరి చేతిలో వుండేదో తెలిసినవాణ్ణి గనుక, ఆ లెక్కను పలాయనవాదం అని కొట్టిపారేసే ధైర్యం నాకు లేదు.

అలాగని ఆ సినిమాల్ని నెత్తిన పెట్టుకోమనడం లేదు. కోయదొర అనగానే కోడి ఈకలు, అర్థంలేని కేకలు, గుడ్డలు చాలని ఆడవాళ్ళ నాట్యం. రాక్షసుడంటే నల్లటివాడు, రాకుమారి అంటే పాలరంగు. ఇది పత్రిక బొమ్మల్లోనూ వుంది. వ.పా. గీతలోని లాలిత్యానికి ఎంత మురిసిపోతామో, ఆయన నాయికల్లో పొలంలో వొంగి పనిచేసి నడుం పట్టేసిన మనిషి ఎక్కడని అంత గట్టిగానూ అడగాలి. అడగాలంటే ముందు ఆ బొమ్మల్ని తెరిచి చూడాలి. నా ఫిర్యాదు అదే. మనం వీటిని తెరిచి చూసి తిరస్కరించలేదు, తెరవకుండానే తిరస్కరించాం.

ఈ జబ్బు మన ఒక్కరిదే కాదు. అమెరికాలో 1954లో కామిక్ పుస్తకాల మీద పెద్ద దాడి జరిగింది. ఆ దాడికి శాస్త్రీయమైన పేరు ఇచ్చిన ఫ్రెడరిక్ వెర్థమ్ అభివృద్ధి నిరోధకుడు కాదు. హార్లెమ్‌లో నల్లజాతి పేదలకోసం 1946లో మానసిక వైద్యశాల తెరిచి, దానికి మార్క్స్ అల్లుడు పాల్ లఫార్గ్ పేరు పెట్టిన మనిషి. బళ్ళలో జాతివివక్షకు వ్యతిరేకంగా నడిచిన వ్యాజ్యాల్లో ఆయన సాక్ష్యం పనికొచ్చింది. అంతటివాడు కామిక్సు పిల్లల్ని నేరస్థుల్ని చేస్తున్నాయని పుస్తకం రాశాడు. ఆ పుస్తకంకోసం పిల్లల మాటల్ని మార్చి, కలిపి, సాక్ష్యాల్ని వంచాడని ఆయన కాగితాలు పరిశీలించిన కారొల్ టిల్లీ 2012లో చూపించింది. ప్రచురణకర్తలు భయపడి తమకు తామే ఒక నియమావళి పెట్టుకున్నారు. దానితో ఇ.సి. అనే సంస్థ భయానక పత్రికలు మూతపడ్డాయి. ఆ సంస్థే 1952లో ఒక కథ వేసింది: సైనిక కవాతు చూస్తున్న గుంపు, జెండాకు గౌరవం చూపలేదని ఒక మనిషిని కొట్టి చంపుతుంది. తర్వాత తెలుస్తుంది, అతను యుద్ధంలో కళ్ళు పోగొట్టుకున్న సైనికుడని. మెకార్థీ రోజుల్లో అంత సూటిగా మాట్లాడిన పత్రికలు ఎన్ని?

బ్రిటన్‌లో కథ మరీ చిత్రం. అమెరికన్ కామిక్సును అడ్డుకోవాలన్న ప్రచారంలో కమ్యూనిస్టు పార్టీవాళ్ళది ముఖ్యపాత్ర అనీ, వాళ్ళు దాన్ని సామ్రాజ్యవాద వ్యతిరేకతగా మొదలుపెట్టి చివరికి 'మన జాతి సంస్కృతి' రక్షణగా మార్చుకున్నారనీ మార్టిన్ బార్కర్ 1984లో రాసిన పుస్తకంలో వివరించాడు. ఉపాధ్యాయుల సంఘం కూడా అందులో దిగింది. 1955లో చట్టం వచ్చింది. మా వృత్తివాళ్ళు పిల్లల చేతుల్లోంచి బొమ్మల పుస్తకాలు లాక్కోవడంలో ఎప్పుడూ ముందే వుంటారు. నేనూ ఒకటి రెండు లాక్కున్నాను, తర్వాత స్టాఫ్‌రూంలో కూచుని చదివాను.

మన దగ్గర ఎవరూ నిషేధించలేదు, పట్టించుకోలేదంతే. దాని ఫలితం ఆరుద్ర విషయంలో చూడొచ్చు. రజాకార్ల దురాగతాలకు చలించి 'త్వమేవాహం' రాసిన కవి, సమగ్ర ఆంధ్ర సాహిత్యం సంపుటాలు కూర్చిన పరిశోధకుడు. ఈ రెండు మాటలూ ప్రతి సంస్మరణ వ్యాసంలోనూ వుంటాయి. 1971లో కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో, కృష్ణ కథానాయకుడుగా వచ్చిన 'మోసగాళ్ళకు మోసగాడు', అంటే మనదేశపు మొదటి కౌబాయ్ సినిమా అని పేరుపడ్డది, రాసిందీ ఆరుద్రే. గుర్రాలు, తుపాకులు, ఎడారి, నిధి అంతా ఇటాలియన్ దర్శకుడు లియోనీ సినిమాల చలవే. వాటిని కుంపిణీ కాలానికీ, ఒక సంస్థానం దాచిన నిధికీ ముడిపెట్టి తెలుగు చేశాడు. ఛందస్సులో అంత్యప్రాసలతో ఆడుకున్నవాడు విదేశీ సినిమా ప్రక్రియతోనూ అలాగే ఆడుకున్నాడా, లేక డబ్బుకోసం చేసిన పనేనా? నాకు మొదటిదే అనిపిస్తుంది. ఏది నిజమైనా, ఆరుద్ర మీద పరిశోధన చేసే విద్యార్థి ఈ సినిమా చూడాలి. నాకు తెలిసిన ముగ్గురు చూడలేదు.

విమర్శకులు వదిలేసినదాన్ని కాపాడింది అభిమానులు. 1998లో ఒకసారి ఆగి, మళ్ళీ మొదలై, యజమానులు మారి, చందమామ 2013 నాటికి పూర్తిగా ఆగిపోయింది. మా జిల్లాలో నేను వెతికిన నాలుగు గ్రంథాలయాల్లో పాత సంచికల వరస పూర్తిగా ఒక్కచోటా లేదు. పాత పుస్తకాల దుకాణాల్లో కొని, తమ దగ్గరున్నవి ఒకరికొకరు ఇచ్చుకుని, పేజీ పేజీ స్కాన్ చేసి, ఏ బొమ్మ ఎవరిది, ఏ సీరియల్ ఎవరిది అని పట్టికలు వేసినవాళ్ళు బ్యాంకు గుమాస్తాలు, ఇంజనీర్లు, విశ్రాంత వుద్యోగులు. వాళ్ళు రాసేదాంట్లో పొగడ్త ఎక్కువ, పరిశీలన తక్కువ అని మనవాళ్ళు పెదవి విరుస్తారు. నిజమే. కానీ పరిశీలించడానికి ఇవాళ ఏదైనా మిగిలి వుందంటే వాళ్ళ చలవే.

మామ పోయాక ఆ రేకు పెట్టె నా దగ్గరికి వచ్చింది. అడుగున చెదలు పట్టి, 1961 బైండు సగం తినేశాయి. మిగిలినవాటికి నేను ఒక నోటు పుస్తకం పెట్టాను. ప్రతి పేజీకీ ఒక గడి: బొమ్మ ఎవరిది, అందులో ఏమేమి వస్తువులున్నాయి, వాటిలో ఏవి పక్కనున్న కథలో మాటగా కూడా వచ్చాయి, ఏవి రాలేదు. ఇద్దరు పదో తరగతి పిల్లలు శనివారాలు వచ్చి నింపుతున్నారు. చేతులు కడుక్కుని రమ్మంటున్నాను. ఇప్పటికి 1954, 1955 అయ్యాయి, 1956 జూన్ దగ్గర వున్నాం. ఆ సంచికకు అట్ట లేదు.